పాత చలానా – తీర్చుకొను విధము



అప్పుశేషము, అగ్నిశేషము ఉంచరాదని పెద్దలు చెప్పుదురు. మన వాహనముపై పడిన చలానాశేషము కూడా అటువంటిదే.

మా సంఘ సభ్యుడొకరు పాలక్యాన్లు మోసిన తన మోపెడ్డును గుడివాడ వైపు ఒకరికి అమ్మినారు. సంతకము చేసిన కాగితములు చేతిలో పెట్టి ఊరకున్నారు. కొన్నవారు పేరు మార్పించుకొనలేదు. హెల్మెట్టు లేదని తరువాత పడిన చలానాలన్నియు మన సభ్యుని పేరుననే చేరినవి. కోర్టు నుండి కబురు వచ్చువరకు ఆయనకు తెలియదు. ఒక పక్షము పాలబిల్లు దానికే పోయినది. ఈ కష్టము మరొకరికి రాకుండ కొన్ని సంగతులు తెలిసికొందము.

1. ముందుగా చూచుకొనుట: బండి నంబరుతో ఆన్‌లైనులో చలానాలు కనబడును. మనకు చేతకానిచో చదువుకొన్న పిల్లలచేత చూపించుకొనవలెను. తేదీ, స్థలము, తప్పు, ఫోటో నాలుగింటిని సరిచూడవలెను. కెమెరా పట్టిన తప్పుకు 15 రోజులలోగా నోటీసు పంపవలెనని 2021లో కేంద్ర నియమము వచ్చినది.

2. తప్పు మనదైనచో: చెల్లించి రసీదు దాచుకొనవలెను. తప్పు చేసిననాటి చట్టము ప్రకారమే జరిమానా. 2019 సెప్టెంబరు 1కి ముందు జరిగిన తప్పుకు ఆ తేదీన పెరిగిన జరిమానా వర్తించదు.

3. తప్పు మనది కానిచో: ఫోటోలోని బండి వేరైనచో డబ్బు కట్టవద్దు. ఆర్.సి. నకలు జతపరచి పోలీసువారికి వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి, అందినట్లు సంతకము తీసికొనవలెను.

4. కేసు కోర్టుకు వెళ్ళినచో: సమను వచ్చిననాడు తప్పక హాజరు కావలెను. రాజీపడదగిన కేసులను లోక్ అదాలతులో తీర్చుకొనవచ్చును. అక్కడ కోర్టు రుసుము లేదు. తీర్పుపై అప్పీలు లేదు. మచిలీపట్నములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో విచారించవలెను.

5. ఆరు నెలల మాట: ఆరు నెలలు దాటిన చలానా దానంతటదే పోవునని కొందరందురు. కేవలము జరిమానా మాత్రమే శిక్షగా గల నేరమును కోర్టు ఆరు నెలలలోగా స్వీకరించవలెనన్నది నిజమే. కాని గడువులోపలనే కేసు కోర్టుకు చేరి ఉండవచ్చును. ఆలస్యమును మన్నించు అధికారము కూడ కోర్టుకు కలదు. కనుక ఆ మాట నమ్మి కూర్చొనరాదు.

6. రాయితీల మాట: 2022లోను, 2023 డిసెంబరులోను ప్రకటించిన పెద్ద రాయితీలు తెలంగాణావి. అవి మన జిల్లా చలానాలకు చెల్లవు.

7. బండి అమ్మునపుడు: అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా శాఖకు తెలుపవలెను. ప్రమాదము జరిగినచో నష్టపరిహార బాధ్యత రిజిస్టరులో పేరున్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది. చలానాకంటె ఇది పెద్ద ముప్పు.

ఒక హెచ్చరిక. చలానా పేరుతో వాట్సాప్‌లో ఏదైన ఫైలు వచ్చినచో దానిని తెరువరాదు. బ్యాంకులోని పాలడబ్బు పోవు ప్రమాదము కలదు.

నాగాయలంక, కోడూరు వంటి దివిసీమ గ్రామముల వారికి బందరు వెళ్ళిరావలెనన్న ఒక పూట పోవును. అందుచేత కార్యదర్శులు వచ్చే సమావేశములో దీనిని చదివి వినిపించి, సభ్యుల బండ్లన్నింటిని ఒకేసారి చూపించుట మంచిది. ఈ సంవత్సరములో బండి అమ్మిన సభ్యులు ఎందరో, వారిలో పేరు మార్పించినవారు ఎందరో ఆనాడే అడిగి తెలిసికొనవలెను.