పాత అంబాసిడర్‌కు డిస్క్ బ్రేకులు

ప్రశ్న: నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న పాత అంబాసిడర్‌కు ముందువైపు డిస్క్ బ్రేకులు అమర్చితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. డ్రమ్ బ్రేకులో చక్రం తిరిగే దిశలోనే ఒత్తుకునే షూ, ఆ భ్రమణం వల్లనే డ్రమ్ముకు మరింత గట్టిగా అదుముకుని డ్రైవరు పాదబలానికి తోడవుతుంది. చక్రంతోపాటు తిరిగే లోహపు బిళ్లను రెండు ప్యాడ్లు ఇరువైపులా పట్టి ఆపే డిస్క్ బ్రేకుకు ఆ సహాయం లేదు గనుక, పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకునేటప్పుడు ఏర్పడే పీడన లోపాన్ని వాడుకుని పెడల్ బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ సాధారణంగా అవసరమవుతుంది. డీజిల్ ఇంజనుకైతే ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు కావాలి.

అంతకంటే ముఖ్యమైనది మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ ఒత్తిడిని బ్రేక్ ద్రవంలోకి పంపే భాగం. పాత కార్లలో అది ఒకే సర్క్యూట్‌తో పనిచేసేది కావడం వల్ల ఏ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి; రెండు సర్క్యూట్లుగా విడగొట్టిన టాండెమ్ సిలిండర్‌లో ఒకటి విఫలమైనా రెండవది కారును ఆపగలుగుతుంది. డబ్బు పరిమితంగా ఉన్నవారు డిస్కులకంటే ముందు దీనినే మార్చుకోవడం వివేకం. డ్రమ్ముల కోసం గొట్టాలలో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచే కవాటం డిస్కుల వైపు మిగిలిపోతే ప్యాడ్లు నిరంతరం రాసుకుని వేడెక్కుతాయి కాబట్టి దానిని తప్పక తొలగించాలి.

హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు గిరగిర తిరిగిపోయే ప్రమాదం ఉన్నందున, ముందు వెనుకల బ్రేకు బలాల నిష్పత్తిని అనుభవజ్ఞుడైన మెకానిక్ ఖాళీ స్థలంలో పరీక్షించి సరిచేయాలి. రబ్బరు గొట్టాలను, తేమను పీల్చుకున్న పాత ద్రవాన్ని కూడా అప్పుడే మార్చాలి.