మొహమాటం మాత్రం సర్దుకోకు

నిన్న సాయంత్రం పక్కింటి పిన్నిగారి అమ్మాయి పెట్టెలు సర్దుకుంటుంటే సాయానికి వెళ్లానమ్మా. నట్టింట్లో కాటా పట్టుకుని, ముల్లు 23 కిలోల దగ్గర ఆగేదాకా కందిపొడి డబ్బా తీస్తారు, కారప్పొడి పెడతారు, మళ్లీ తూస్తారు. ఆగస్టులో ఆ పిల్ల అమెరికా ప్రయాణం. దాని మొహంలో సంతోషం, బెదురు పక్కపక్కనే కనిపించాయి. 2014లో మా తెనాలి ఇంట్లో పెట్టె ముందు నేనూ అలాగే కూర్చున్నాను. అందుకే ఈ నెల ముచ్చట్లు ప్రయాణం కట్టిన చెల్లెళ్ల కోసం.

పెట్టెలో ఏం పెట్టుకోవాలో నీకు అందరూ చెబుతారు. మాంసం పచ్చళ్లు వద్దంటారు, కాలేజీ పంపిన ఐ-20 కాగితం చేతిసంచిలోనే ఉంచుకోమంటారు. అవన్నీ విను. నేను మాత్రం ఒక్కటి తీసేయమంటాను. మొహమాటం.

మన ఇళ్లల్లో ఆడపిల్లకి మొహమాటాన్ని నగలాగా తొడిగి పెంచుతారు. క్లాసులో చెయ్యెత్తితే ‘ఇది కూడా తెలీదా’ అనుకుంటారని భయం. లెక్చరర్ గదికి వెళ్లామంటే ఏదో తప్పు చేసుంటామని లెక్క. ఆ భయంతోనే ఒహాయోలో దిగాను. మొదటిరోజే ప్రతి సబ్జెక్టుకీ సిలబస్ అని నాలుగైదు పేజీలు చేతికిచ్చారు. పాఠాల పట్టికే కదా అని బ్యాగులో పడేశాను. ఏ హోంవర్కుకి ఎన్ని మార్కులో, ఆలస్యమైతే ఎంత కోత పడుతుందో, ప్రొఫెసర్ ఏ రోజు ఏ గంటకి గదిలో కూర్చుంటారో అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ చివరిదాన్నే ఆఫీస్ అవర్స్ అంటారు. ఆ గంటలు మనకోసమే కేటాయించినవని తెలియడానికి నాకు ఆరు వారాలు పట్టింది. అదీ మిడ్‌టర్మ్‌లో నూటికి 41 వచ్చాక.

ఆ మంగళవారం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. రెండు నుంచి నాలుగు అని తలుపు మీద కాగితం అంటించి ఉంది. తలుపు ఓరగా తెరిచే ఉంది. నేను నోటుపుస్తకం గుండెకి అదుముకుని వరండాలో నిలబడ్డాను. దాహం లేకపోయినా రెండుసార్లు వెళ్లి నీళ్లు తాగొచ్చాను. లోపలున్నావిడకి అరవై ఏళ్లుంటాయి. పిల్లలందరూ ఆవిణ్ణి పేరు పెట్టే పిలిచేవారు, నా నోటికి ఆ పేరు రాలేదు. ‘మేడమ్’ అన్నాను. ఆవిడ కుర్చీ చూపించి, ‘ఎక్కడ ఆగిపోయావు?’ అంది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడగలేదు. నేను పుస్తకం తెరిచి మూడో లైను చూపించాను. పెన్సిలు తీసుకుని ఆ లైను కిందే బొమ్మ గీస్తూ ఇరవై నిమిషాలు చెప్పింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను చెల్లీ. ఆరు వారాలుగా ఆ తలుపు తెరిచే ఉంది!

‘అడగందే అమ్మయినా పెట్టదు’ అంటారు. మా అమ్మ అడక్కుండానే పెట్టేది. నాకు అడగడం రాకపోవడానికి అదే కారణమేమో.

ఇంగ్లీషు గురించి ఎక్కువ దిగులు పెట్టుకోకు. టోఫెల్‌లో మంచి మార్కులొచ్చినా మొదటి నెల వాళ్ల వేగం అందదు. ‘ఇంకోసారి చెబుతారా?’ అనే మాట ముందు నేర్చుకో. మనం రాసింది పక్కన కూర్చుని చదివి సరిచూసుకోవడం నేర్పే రైటింగ్ సెంటర్లు చాలాచోట్ల ఉంటాయి, వాడుకో.

మొహమాటానికి రెండో ముఖం ఇంకా ప్రమాదం. కాదనలేకపోవడం. నా రూమ్మేట్ బంగారంలాంటి పిల్ల. స్నేహితుడు ‘ఒక్కసారి చూసిచ్చేస్తా’ అంటే తన ప్రోగ్రాం ఫైలు పంపింది. అతను పేర్లు మార్చి అదే ఇచ్చేశాడు. ఇద్దర్నీ పిలిచారు. ఇద్దరికీ సున్నా వేసి, ఇద్దరి ఫైల్లోనూ రాసిపెట్టారు. మన హాస్టల్లో ల్యాబ్ రికార్డు ఇవ్వకపోతే స్నేహమే కాదు, అక్కడ ఇస్తే నేరం. వారం రోజులు ఆ పిల్ల సరిగా అన్నం తినలేదు. నిన్నెవరైనా అడిగితే, ‘ఫైలు ఇవ్వను, రా, పక్కన కూర్చుని చెబుతా’ అను. ఆ మాట ఇక్కడే, అద్దం ముందు నిలబడి పదిసార్లు అనుకుని వెళ్లు.

ఇంకొకటి. ‘మనవాళ్ల షాపే, చేతికి డబ్బులిస్తారు, ఎవరికీ తెలీదు’ అంటూ ఎవరో ఒకరు వస్తారు. మనవాళ్లే కదా అని తల ఊపకు. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేసుకోవచ్చు. బయట అనుమతి లేకుండా చేసింది ఒక్క గంటయినా వీసాకే ముప్పు. ఏ చిన్న అనుమానమొచ్చినా ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి అడుగు. చేసేశాక కాదమ్మా, చెయ్యకముందే.

2023-24లో మన దేశం నుంచి వెళ్లి అమెరికాలో ఉన్న విద్యార్థులు 3,31,602 మంది. అందులో ఎందరు, సాయంత్రం అయిదింటికే చీకటిపడే డిసెంబర్ రోజుల్లో గది తలుపేసుకుని ‘నాకొక్కదానికే రావట్లేదు’ అనుకుని ఉంటారో! నేనూ అనుకున్నాను. ఆ దిగులు వారాల తరబడి వదలకపోతే క్యాంపస్ కౌన్సెలింగ్‌కి వెళ్లు. జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లమూ, అలాగే.

మొహమాటం దాచిపెట్టడం కూడా నేర్పుతుంది. నేను క్యాంపస్ డైనింగ్ హాల్లో ప్లేట్లు కడిగే పని చేశాను. వేడి ఆవిరి, రబ్బరు తొడుగులు, తలకి వల, బెల్టు మీద ఆగకుండా వచ్చే ట్రేలు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ వెళ్లి, హార్వర్డ్‌లో చదువుతూ ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పని చేసుకున్నారని మా తాతయ్య ఎంతో గొప్పగా చెప్పేవారు. ఆ మాట తలుచుకునేదాన్ని కానీ ఇంట్లో మాత్రం లైబ్రరీలో ఉద్యోగమని చెప్పాను. వీడియో కాల్‌లో చేతులు కనబడకుండా కూర్చునేదాన్ని.

సంక్రాంతి రోజు అమ్మ పెరట్లో ముగ్గు చూపిస్తూ, ‘నీ చెయ్యి ఇలా పెట్టు, గాజులు వేసుకున్నావా చూస్తా’ అంది. పెట్టక తప్పలేదు. వేళ్లన్నీ నాని, చర్మం ఊడి ఉన్నాయి. అప్పుడు చెప్పేశాను, లైబ్రరీ కాదమ్మా, ప్లేట్లు కడుగుతున్నానని. అవతల చాలాసేపు మాట లేదు. ముగ్గు డబ్బా కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

‘రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని పడుకోవే’ అంది అమ్మ. ‘సీసా పంపించనా?’