రిపోర్టు అడుగున రెండు లైన్లు

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మాయికి 23 ఏళ్లు. సంబంధాలు చూస్తున్నాం. ఏడాదిగా ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ 11.2 దాటడం లేదు. రిపోర్టు అడుగున 'మైక్రోసైటిక్ హైపోక్రోమిక్, టార్గెట్ సెల్స్ ఉన్నాయి' అని రాశారు. మాత్రలు మార్చాలంటారా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మాత్రలు మార్చడం తర్వాతి సంగతి. అమ్మాయికి అసలు ఐరన్ తక్కువైందా లేదా అన్నది ముందు తేలాలి. మీరు పంపిన కాగితంలో ఎర్రకణాలు 58 లక్షలు, ఎంసీవీ (కణం సగటు సైజు) 64 అని ఉన్నాయి. నన్ను ఆపింది ఆ జంటే. ఐరన్ లోపంలో కణం చిన్నదవుతుంది, సంఖ్య కూడా తగ్గుతూ వస్తుంది. ఇక్కడ కణం చిన్నదే గానీ సంఖ్య మాత్రం దండిగా ఉంది. 58 లక్షలంటే 5.8 మిలియన్లు; 64ను 5.8తో భాగిస్తే 11 వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా ట్రెయిట్‌ను అనుమానిస్తాం. అనుమానమే సుమా, నిర్ధారణ కాదు.

స్లైడు మీద ఈ తేడా కంటికి తెలుస్తుంది. మామూలు ఎర్రకణం 7 మైక్రాన్లు ఉంటుంది, మధ్యలో మూడో వంతు పాలిపోయి కనిపిస్తుంది. పక్కనే చిన్న లింఫోసైట్ ఉంటే దాని కేంద్రకంతో పోల్చి చూస్తాం. ఎర్రకణం అంతకంటే చిన్నదైతే మైక్రోసైట్, మధ్య పాలిపోవడం ఎక్కువైతే హైపోక్రోమిక్. ఐరన్ లోపంలో కణాలు ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి, సన్నగా పొడుగ్గా ఉండే పెన్సిల్ సెల్స్ కూడా తగులుతాయి. ట్రెయిట్‌లో చాలావరకు అన్నీ ఒకే తీరున చిన్నవి; కొన్నిటికి పాలిపోయిన చోట నడుమ బొట్టు పెట్టినట్టు ఎర్రటి చుక్క ఉంటుంది. మీ రిపోర్టులో రాసిన టార్గెట్ సెల్స్ అవే. లివర్ జబ్బుల్లోనూ ఇవి కనిపిస్తాయి కాబట్టి వీటిని ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

ముందు ఫెరిటిన్ చేయించండి. ఆ తర్వాత హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ పరీక్ష. అందులో ఏ2 రకం 3.5 శాతం దాటితే బీటా తలసీమియా ట్రెయిట్ అన్నట్టే. ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఏ2 కూడా తగ్గి కనిపించవచ్చు, అందుకే ఈ వరస. ఫెరిటిన్ సరిపడా ఉంటే ఇక ఐరన్ అనవసరం. ట్రెయిట్ అంటే జన్యువును మోయడమే గానీ జబ్బు కాదు, అమ్మాయి ఆరోగ్యానికి లోటేమీ లేదు. కాకపోతే అబ్బాయికీ ఇదే పరీక్ష చేయించాలి. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. అబ్బాయికి సికిల్ సెల్ ట్రెయిట్ ఉన్నా చిక్కే. అది మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువ, పైగా ట్రెయిట్ మాత్రమే ఉన్నవారిలో స్లైడు మామూలుగానే కనిపిస్తుంది. కాబట్టి 'స్మియర్ నార్మల్' అన్న మాటతో సరిపెట్టుకోవద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి హెర్నియా ఆపరేషన్ ఉందనగా ప్లేట్‌లెట్లు 52 వేలే ఉన్నాయన్నారు. ఆపరేషన్ వాయిదా పడింది. జ్వరం లేదు, ఎక్కడా రక్తం కారలేదు. బొప్పాయి ఆకు రసం పట్టిస్తున్నాం. రిపోర్టు కింద 'ప్లేట్‌లెట్ క్లంప్స్' అని ఉంది.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పాపం, పెద్దాయనకు ఆ చేదు రసం ఆపండి. మీ ప్రశ్నకు జవాబు ఆ క్లంప్స్ అన్న మాటలోనే ఉంది. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొద్దిమంది రక్తంలో ఆ రసాయనం వల్లే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒంట్లో కాదు, ట్యూబులో! మిషన్ ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు. రక్తం తీయడం ఆలస్యమై కాస్త గడ్డకట్టినా ఇదే జరుగుతుంది.

స్లైడు అంచుల్లో, తోక వైపు చూస్తే ఈ గుంపులు ఊదా మరకల్లా దొరుకుతాయి. గుంపులు లేని స్లైడైతే ఆయిల్ లెన్స్ కింద ఒక్కో ఫీల్డులో కనిపించే ప్లేట్‌లెట్ల సగటును 15 వేలతో గుణించి ఉజ్జాయింపు లెక్క చెబుతాం. నాన్నగారికి నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయించి, వెంటనే చూడమనండి. ఆ ట్యూబులోని ద్రవం వల్ల రక్తం పలుచబడుతుంది, కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. కౌంట్ సరిపడా వస్తే ఆ రిపోర్టు సర్జన్‌కూ, మత్తు డాక్టరుకూ చూపించండి. అప్పుడూ తక్కువే వస్తే అది నిజమైన తగ్గుదల, కారణం వెతకాల్సిందే.

ప్రశ్న: ఇసినోఫిల్స్ 11 శాతం ఉన్నాయి. బ్లడ్ క్యాన్సరా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఆ అంకె ఒక్కదానికే అంత భయం వద్దు. నారింజ రంగు గింజలు నిండిన ఈ తెల్లకణాలు మన దగ్గర ఎక్కువగా నులిపురుగులు, అలర్జీ, ఆస్తమా వల్లే పెరుగుతాయి. శాతం కన్నా మొత్తం సంఖ్య ముఖ్యం: 500 దాటితే ఎక్కువ అంటాం. 1500 దాటి అలాగే ఉండిపోతే రక్తవ్యాధుల నిపుణులకు చూపించుకోవాలి. క్యాన్సర్ అనుమానం కలిగించే మాట వేరు, అది 'బ్లాస్ట్ సెల్స్'. మీ రిపోర్టులో అది లేదు.