చంకలో గడ్డలు: పిండకండి, దాచకండి

ఎండాకాలంలో తునికాకు కోయడానికి అడవికి వెళ్ళేవారు, అంతకు ముందు మిర్చి కోతలకు కూలికి వెళ్ళేవారు రోజంతా చెమటలో తడుస్తారు. ఆ రోజుల్లో చంకలో ఎర్రని గడ్డలు లేచి, చెయ్యి ఎత్తలేనంత నొప్పి పెట్టడం ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో చాలామంది ఎరిగినదే. “వేడి చేసింది, అదే పోతుంది” అని సరిపెట్టుకుంటాం. అయితే చంకలో లేచే గడ్డలన్నీ ఒకటి కావు. కారణాన్ని బట్టి వైద్యం మారుతుంది.

1. సెగగడ్డ

స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి ఎంతోమంది చర్మం మీద, ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. బట్టల రాపిడి వల్లగానీ, మొండి బ్లేడు వల్లగానీ చర్మం గీసుకుపోతే అది వెంట్రుక మొదట్లోకి దిగి చీము పట్టిస్తుంది. పైపైన ఉంటే చిన్న పొక్కులు, లోతుకు దిగితే సెగగడ్డ.

శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగలిగిన వేడినీటిలో ముంచి, రోజుకు 3, 4 సార్లు, 10 నుండి 15 నిమిషాలు కాపడం పెట్టండి. చాలా గడ్డలు దీనితోనే పక్వానికి వచ్చి తగ్గుతాయి. గడ్డను పిండకండి, చీము లోపలికి పాకుతుంది. సున్నం, నల్లజీడి రసం పూయకండి. అవి చర్మాన్ని కాల్చి కొత్త పుండు చేస్తాయి. గడ్డ పెద్దదైతే డాక్టరు మత్తు ఇచ్చి కోసి చీము తీస్తారు. ఒకరి బ్లేడు, తువ్వాలు ఇంకొకరు వాడరాదు.

2. మళ్ళీ మళ్ళీ వచ్చే గడ్డలు

సెగగడ్డలు తరచుగా వస్తుంటే ముందు రక్తంలో షుగరు పరీక్ష చేయించుకోండి. షుగరు ఉన్నట్టు కొందరికి ఈ గడ్డల వల్లనే మొదటిసారి తెలుస్తుంది.

షుగరు లేకపోయినా, 6 నెలల్లో 2 సార్లు లేదా అంతకన్నా ఎక్కువగా చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద గడ్డలు లేచి, పగిలి, మచ్చలు కడుతుంటే అది హైడ్రాడెనైటిస్ సప్పురేటివా అనే జబ్బు కావచ్చు. ఫ్రాన్సు వైద్యుడు వెల్పో 1839లోనే దీన్ని వర్ణించాడు. అయినా నేటికీ చాలామందికి ఏళ్ళు గడిచాకగానీ జబ్బు పేరు తెలియదు. ఇది మురికి వల్ల వచ్చేది కాదు, అంటుకునేది కాదు. వెంట్రుక మొదళ్ళు మూసుకుపోవడం వల్ల వస్తుంది. చుట్ట, బీడీ, అధిక బరువు దీన్ని పెంచుతాయి. ప్రతిసారీ నాలుగు రోజుల మాత్రలతో ఇది తీరదు. చర్మవైద్యుని వద్ద నెలల తరబడి చికిత్స అవసరం.

3. బిళ్ల కట్టడం

చేతికి ముల్లు గుచ్చుకుని చీము పడితే చంకలో బిళ్ల కడుతుంది. కాబట్టి చంకను మాత్రమే కాదు, వేళ్ళ నుండి భుజం వరకు చూడాలి. పుండు మానితే బిళ్ల కూడా తగ్గుతుంది. బి.సి.జి. టీకా వేసిన పసిబిడ్డకు ఎడమ చంకలో బిళ్ల కనిపించవచ్చు. దాన్ని నొక్కకుండా డాక్టరుకు చూపించండి.

4. జ్వరంతో నల్లని మచ్చ

మన దగ్గర జ్వరం రాగానే మలేరియా అనుకుంటాం. మలేరియా పరీక్ష తప్పక చేయించండి. అందులో ఏమీ లేకపోయినా జ్వరం తగ్గకుంటే చంకలు, గజ్జలు వెతకండి. చుట్టతో కాల్చినట్టు నల్లని పెచ్చు, పక్కనే నొప్పిగా బిళ్లలు ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. పొదల్లో ఉండే, కంటికి ఆనని చిన్న పురుగు కుట్టడం వల్ల ఇది వస్తుంది. పెచ్చు నొప్పి పెట్టదు కనుక రోగి దాని గురించి చెప్పడు. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే మందుతో నయమవుతుంది. ఆలస్యమైతే ప్రాణాపాయం.

5. నొప్పి లేని గడ్డ

నొప్పి పెట్టే గడ్డ మనల్ని ఆసుపత్రికి తోలుతుంది. నొప్పి లేనిదాన్ని పట్టించుకోం. రెండు వారాలు దాటినా తగ్గని గట్టి బిళ్ల క్షయ వల్ల కావచ్చు, రొమ్ము క్యాన్సరు వల్ల కావచ్చు. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. అక్కచెల్లెళ్ళు సిగ్గుపడి చంక బిళ్లను దాచుకోవద్దు. రొమ్ములు కూడా పరీక్ష చేయించుకోండి. క్యాన్సరును తొలిదశలో పట్టుకుంటే నయం చేసే అవకాశం ఎంతో ఎక్కువ.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి

- జ్వరం, చలి ఉంటే
- ఎరుపు చేతికి, ఛాతీకి పాకుతుంటే
- షుగరు ఉన్నవారికి, గర్భిణికి, పసిబిడ్డకు గడ్డ లేస్తే
- కాపడం పెట్టినా 3 రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే

ఇంటిలో చర్చించుకోండి

1. ఈ గడ్డ ఇదే చోట ఇంతకు ముందు వచ్చిందా?
2. అదే చేతికి పుండుగానీ, గాయంగానీ ఉందా?
3. మన ఇంటిలో సిగ్గుపడి చెప్పకుండా ఉన్నవారు ఎవరైనా ఉన్నారా?