సంస్థ చేతిలో మీ వివరాలు: ఏది ఇవ్వాలి, ఏది అడగాలి

ఉద్యోగంలో చేరిన రోజే మన వివరాలన్నీ ఒక ఫైలులోకి ఎక్కుతాయి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పాత పేస్లిప్పులు, సర్టిఫికెట్లు, ఇంట్లోవాళ్ల పుట్టిన తేదీలు... హెచ్‌ఆర్ అడిగింది అడిగినట్టు ఇచ్చేస్తాం. కొన్నాళ్లకు ముఖం స్కాన్ చేసే హాజరు యంత్రం వస్తుంది. ఫీల్డులో తిరిగేవాళ్ల ఫోనులో లొకేషన్ యాప్ చేరుతుంది. ఎందుకని అడిగితే ఉద్యోగానికే ఎసరు వస్తుందేమోనని ఊరుకుంటాం. ఆ భయంలో తప్పు లేదు. అయితే అడగాల్సిన పద్ధతిలో అడిగితే నష్టం ఉండదు, చాలాసార్లు మేలే జరుగుతుంది.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది?

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసు అది. ఆరేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రకటించిన గడువు ప్రకారం సంస్థల ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా బ్యాంకు వివరాలు, ఆరోగ్య సమాచారం, వేలిముద్రల వంటివాటికి ఐటీ చట్టంలోని 43ఎ సెక్షన్, 2011 నాటి నిబంధనలే రక్ష.

కొత్త చట్టంలో సమ్మతికి గట్టి షరతులున్నాయి. అది స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. ఏ పనికో స్పష్టంగా చెప్పి తీసుకోవాలి. ఆ పనికి అవసరమైనంత సమాచారానికే పరిమితం కావాలి. నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. ఇచ్చినంత తేలిగ్గా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. వైద్య సలహాల యాప్ ఒకటి రోగి ఫోనులోని కాంటాక్టులు కూడా అడిగితే, రోగి సరేనన్నా ఆ సమ్మతి కాంటాక్టులకు చెల్లదని చట్టమే ఉదాహరణ ఇచ్చింది.

ఉద్యోగులకు ఉన్న మెలిక

ఇంత మంచి షరతులు పెట్టిన చట్టమే, ఉద్యోగ అవసరాల కోసమైతే సమ్మతి లేకుండానే ఉద్యోగి సమాచారాన్ని వాడుకోవచ్చని 7వ సెక్షన్‌లో చెప్పింది. వ్యాపార రహస్యాలు కాపాడుకోవడం, సంస్థకు నష్టం రాకుండా చూసుకోవడం కూడా అందులోకే వస్తాయి. పైగా ‘నా గురించి మీ దగ్గర ఏముందో చూపండి, తప్పులు దిద్దండి, అక్కర్లేనిది తీసేయండి’ అని అడిగే హక్కును చట్టం సమ్మతితో తీసుకున్న సమాచారానికే ముడిపెట్టింది. అంటే ఉద్యోగ అవసరాల పేరుతో సంస్థ 7వ సెక్షన్ కింద తీసుకున్న వివరాల విషయంలో ఉద్యోగి చేతిలో ఆ హక్కు ఉండదు.

అయినా కొన్ని బాధ్యతలు సంస్థ తప్పించుకోలేదు. సమాచారాన్ని భద్రంగా ఉంచాలి. అది బయటకు పొక్కితే మీకూ, డేటా రక్షణ బోర్డుకూ తెలియజేయాలి. మీ ఫిర్యాదును 90 రోజుల్లోపు పరిష్కరించాలి. భద్రత చర్యలు తీసుకోకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా వెళ్తుంది.

చేరేటప్పుడు

* ఆఫర్ లెటర్ చేతికి రాకముందు ఆధార్, బ్యాంకు వివరాలు ఎవరికీ పంపకండి. నకిలీ ఉద్యోగాల ముఠాలకు కావలసినవి అవే. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.
* పీఎఫ్‌కు ఆధార్, జీతంలో పన్ను కోతకు పాన్ అవసరం. వాటిని సరిగ్గానే ఇవ్వండి. కేవలం గుర్తింపు కోసమైతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చా అని అడగండి. దాన్ని యూఐడీఏఐ వెబ్‌సైట్‌ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.
* ప్రతి జిరాక్స్ మీద ‘ఫలానా సంస్థలో ఉద్యోగ ధ్రువీకరణ కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి.
* బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పత్రంపై సంతకం పెట్టేముందు, ఆ పని ఏ ఏజెన్సీ చేస్తుందో, ఏమేం విచారిస్తుందో అడగండి.

పనిలో ఉన్నప్పుడు

* ఆఫీసు లాప్‌టాప్‌లో సొంత బ్యాంకు పనులు, ఆస్పత్రి రిపోర్టులు పెట్టుకోవద్దు. సొంత ఫోనులో ఆఫీసు యాప్ వేసుకోమంటే అది ఏ అనుమతులు అడుగుతోందో చూడండి. హాజరు యాప్‌కు మీ కాంటాక్టులు, ఫొటోలు అక్కర్లేదు.
* లొకేషన్‌ను డ్యూటీ వేళలకే పరిమితం చేయమని రాతపూర్వకంగా కోరండి. డ్యూటీ దిగగానే ఆఫ్ చేయండి.
* మెడికల్ సర్టిఫికెట్‌ను టీం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. సెలవు మంజూరు చేసే అధికారికి మాత్రమే మెయిల్ చేయండి.

మేనేజరుతో మాట్లాడే నాలుగు ముక్కలు కూడా సమాచారమే. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో హెచ్ అండ్ ఎం సంస్థ అధికారులు సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లతో మాట్లాడి, వాళ్ల జబ్బులు, ఇంటి గొడవలు, మత విశ్వాసాల వివరాలు రాసిపెట్టుకున్నారు. 2019లో సాంకేతిక లోపం వల్ల ఆ నోట్సు కొన్ని గంటలపాటు సంస్థలో అందరికీ కనిపించింది. మరుసటి ఏడాది జర్మనీలోని డేటా రక్షణ నియంత్రణ సంస్థ 3.53 కోట్ల యూరోల జరిమానా వేసింది. యూరప్‌లో పనిచేస్తున్న మనవాళ్లు గుర్తుంచుకోవాలి: మీ గురించి సంస్థ దగ్గర ఏముందో చూపమని అడిగితే, మామూలుగా నెలలోపు జవాబివ్వాలి. కాలిఫోర్నియాలో కూడా 2023 జనవరి నుంచి ఉద్యోగులకు ఇలాంటి హక్కులున్నాయి.

మానేసేటప్పుడు

రిలీవింగ్ లెటర్ అడిగేటప్పుడు ఈ మెయిల్ కూడా పెట్టండి:

‘నా ముఖం స్కాన్, వేలిముద్రలు, లొకేషన్ వివరాలు, కుటుంబ సభ్యుల పత్రాలు ఇక సంస్థకు అవసరం లేదు కాబట్టి తొలగించగలరు. చట్ట ప్రకారం ఉంచవలసినవి ఏమిటో, ఎంతకాలం ఉంచుతారో తెలియజేయగలరు.’

పన్ను, పీఎఫ్ రికార్డులను సంస్థ ఉంచుకోక తప్పదు. మిగతావాటికి జవాబు రాకపోయినా, మీరు అడిగినట్టు రాతలో ఉండటం రేపటి ఫిర్యాదుకు ఆధారం.

చట్టంలో మారాల్సినవి

జాగ్రత్తలతోనే అంతా అయిపోదు. చట్టంలో మూడు మార్పులు రావాలి. సంస్థ సమ్మతి లేకుండా తీసుకున్న సమాచారాన్ని కూడా చూసే, దిద్దించే హక్కు ఉద్యోగికి ఉండాలి. ‘ఉద్యోగ అవసరం’ అనే మాటకు హద్దు గీయాలి, అవసరానికి మించిన నిఘా కుదరదని చట్టంలోనే రాయాలి. మూడోది పరిహారం. కొత్త చట్టం పూర్తిగా అమలైతే, నష్టపోయినవారికి పరిహారం ఇప్పించే 43ఎ సెక్షన్ రద్దవుతుంది. జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, వివరాలు బజారున పడ్డ ఉద్యోగికి ఏమీ దక్కదు. ఇది అన్యాయం.

ఈ మూడింటినీ మీ యూనియన్ డిమాండ్ల జాబితాలో చేర్చండి. యూనియన్ లేకపోతే నలుగురు సహోద్యోగులు కలిసి మీ ఎంపీకి ఉత్తరం రాయండి. అంతకంటే ముందు, ఈ వారమే మీ హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి: నా వివరాలు ఎక్కడ ఉన్నాయి, ఎవరు చూస్తున్నారు, ఎంతకాలం ఉంచుతారు? అడగడం నేరం కాదు.