పసిబిడ్డ ఆకుపసరు రంగులో కక్కితే ఆగకూడదు

జీర్ణవ్యవస్థ పాఠం మనమందరం చదివాం. అందులో లేని ఒక సంగతి రాస్తున్నాను.

మా పిన్ని కొడుకు పుట్టిన పదో రోజు రాత్రి పాలు తాగి కక్కాడు. తెల్లగా కాదు, ఆకుపసరు లాగా. మా అవ్వ దిష్టి అంది. తెల్లారాక చూద్దాం అన్నారు. ఆశా అక్క ఒప్పుకోలేదు. అప్పుడే డోలీ కట్టి రోడ్డు దాకా మోసి 108 ఎక్కించారు. పెద్దాసుపత్రిలో పేగు మెలిపడిందని ఆపరేషన్ చేశారు. తమ్ముడు బతికాడు.

పేగు ఎందుకు మెలిపడుతుంది? సైన్సు టీచరు గారు బొమ్మ గీసి చెప్పారు. తల్లి కడుపులో సుమారు 6వ వారంలో శిశువు పేగులు చోటు చాలక బొడ్డుతాడులోకి వస్తాయి. 10వ వారంలో తిరిగి లోపలికి పోతాయి. ఈలోగా అవి గడియారం ముల్లుకు ఎదురు దిక్కున 270 డిగ్రీలు, అంటే ముప్పావు చుట్టు తిరగాలి. తర్వాత వెనక గోడకు వెడల్పుగా అతుక్కోవాలి. కొందరిలో ఈ తిరగడం మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు పేగును పట్టుకునే మొదలు సన్నగా ఉంటుంది. సన్న తాడుకు వేలాడే మూట గిర్రున తిరిగినట్టు పేగు మెలిపడుతుంది. దారి మూసుకుని పైత్యరసం పైకి తన్నుతుంది. ఆ రంగు దానిదే. రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే పేగు చచ్చిపోవచ్చు.

ఎలా కనుక్కుంటారు? ఎక్స్‌రేలో కనపడే మందు పట్టించి పేగు దారి చూస్తారు. స్కానింగ్ కూడా చేస్తారు. బిడ్డ బాగా నీరసిస్తే ఇవి లేకుండానే ఆపరేషన్‌కి తీసుకెళ్తారు.

ఈ ఆపరేషన్ గురించి బోస్టన్ డాక్టరు విలియం లాడ్ 1936లో రాశారు. ఇందులో మెలి విప్పుతారు. అడ్డుపడిన పొరలు కోసి, పేగు మొదలు వెడల్పు చేస్తారు. చిన్నపేగును కుడివైపు, పెద్దపేగును ఎడమవైపు సర్దుతారు. ఉండుకం చోటు మారుతుంది కనుక దాన్ని కూడా చాలాసార్లు తీసేస్తారు. లేకపోతే తర్వాత దానికి జబ్బు చేస్తే గుర్తుపట్టడం కష్టం.

గుర్తుంచుకోవలసినవి:
1. ఇది ఎక్కువగా మొదటి నెలలో వస్తుంది. పెద్ద పిల్లలకూ రావచ్చు.
2. మొదట్లో పొట్ట ఉబ్బకపోవచ్చు, బిడ్డ బాగానే ఉన్నట్టు కనపడొచ్చు. అయినా ఆగకూడదు.
3. దారిలో పాలు, నాటు మందు ఏదీ పట్టకూడదు.
4. మనవాళ్ళు పసుపునీ పచ్చే అంటారు. అందుకే డాక్టరుతో "ఆకు రంగు" అని చెప్పాలి. కక్కు అంటిన గుడ్డ చూపించాలి.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఇది మీ అమ్మకు, అవ్వకు మీ ఇంటి భాషలో చెప్పండి.

- 9వ తరగతి విద్యార్థిని