లెన్సోయిస్ మరన్యెన్సెస్: ఎడారి కాని ఇసుక సీమ

బ్రెజిల్ ఈశాన్య తీరాన, మరన్యావ్ రాష్ట్రంలో ఉన్న లెన్సోయిస్ మరన్యెన్సెస్ జాతీయ పార్కును పరీక్షలో ఎడారిగా గుర్తిస్తే మార్కు పోయినట్టే. ఇక్కడ ఏటా 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. నదులు మోసుకొచ్చిన ఇసుకను సముద్రం ఒడ్డుకు చేరిస్తే, గాలి దాన్ని లోపలికి తోసి దిబ్బలుగా పేరుస్తుంది. సుమారు జనవరి నుంచి జూన్ దాకా కురిసే వానలకు భూగర్భ జలమట్టం పైకొచ్చి, దిబ్బల మధ్య పల్లాలు మంచినీటి మడుగులవుతాయి. పొడి నెలల్లో చాలావరకు ఇంకిపోతాయి. ఎంత అపురూపమైన ఏర్పాటో!

ఈ ప్రాంతం 1981లో జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం సుమారు 1,550 చదరపు కిలోమీటర్లు. 2024 జులైలో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ వారసత్వ కమిటీ 46వ సమావేశంలో యునెస్కో జాబితాకెక్కింది. అస్సాంలోని అహోం రాజుల సమాధి దిబ్బలైన మొయిదాములకూ అప్పుడే చోటు దక్కింది. రెండూ కలిపి చదవండి.

సందర్శకులు సాధారణంగా ప్రెగీసాస్ నది ఒడ్డున ఉన్న బర్రెరిన్యాస్ పట్టణం నుంచి బయల్దేరతారు. వాహనాలు దిబ్బల అంచు వరకే, ఆపైన నడకే. ఈ కట్టడి సబబైనదే, ఎందుకంటే చక్రాల కింద నలిగిన తీరపు మొక్కలు తేలిగ్గా కోలుకోవు. పార్కు నిర్వహణ చీకో మెండిస్ జీవవైవిధ్య పరిరక్షణ సంస్థది. అమెజాన్ అడవుల కోసం పోరాడి 1988లో హత్యకు గురైన రబ్బరు కార్మిక నాయకుడే చీకో మెండిస్.